ఆటకు సై... మరి ‘ఒ’ ఏదీ?

* తీగ లేని బుల్లి మెకానికల్ కీబోర్డులపై కుర్రకారు మోజు
* వేగం ఒక్కటే చూస్తే జేబుకు చిల్లే

బెంగళూరు: అడుగు స్కేలంత పొడవు. అందులో మూడో వంతు వెడల్పు. వెనకాల తీగ ఉండదు. మీట నొక్కితే ‘టక్’మంటుంది. దీపం ఆర్పితే రంగురంగుల్లో మెరుస్తుంది. పీజీ గదిలో మంచం పక్కన వేసుకున్న చిన్న బల్ల మీద ల్యాప్‌టాప్, మౌస్‌తో పాటు ఇదీ ఇమిడిపోతుంది. రాత్రిళ్లు కంప్యూటర్ ఆటలు ఆడేవారికి అంతకన్నా ఏం కావాలి? అందుకే నగరంలో తీగ లేని బుల్లి మెకానికల్ కీబోర్డులకు గిరాకీ. టౌన్‌హాల్ దగ్గర జేసీ రోడ్డు నుంచి పక్కకు తిరిగితే వచ్చే ఎస్పీ రోడ్డులో వీటిని బల్ల మీద వరుసగా పేర్చి మరీ అమ్ముతుంటారు.

ముచ్చటపడి కొనుక్కెళ్లడం బాగానే ఉంటుంది. తీరా రాత్రి ఆట అయిపోయి, తెల్లారి పనిలో కూర్చున్నాక అసలు సంగతి బయటపడుతుంది. తెలుగులో ‘ఒకటి’ అని కొడదామంటే మొదటి అక్షరానికే మీట కనిపించదు! వేలకు వేలు పోసి కొన్న వస్తువులో ‘ఒ’ లేకపోవడమేమిటి? ఈ కథ తెలియాలంటే చిన్న కీబోర్డు ఎలా చిన్నదైందో తెలుసుకోవాలి.

ఈ చప్పుడు మనకు పాతదే

మెకానికల్ కీబోర్డు అనగానే అదేదో కొత్త సరకు అనుకుంటారు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మనవాళ్లకు ఈ టకటక చిరపరిచితం. రైల్వే టికెట్ కౌంటర్‌లో, బిల్లింగ్ బల్ల మీద, డీటీపీ సెంటర్లో ఏళ్ల తరబడి మోగింది టీవీఎస్ గోల్డ్ కీబోర్డే. 104 మీటలు, పొడవాటి తీగ, రాయిలా బరువు. అందులో చాలాకాలం వాడింది జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ నీలిరంగు స్విచ్‌లనే.

మామూలు కీబోర్డులో మీటలన్నింటి కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది. మీటను అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. మెకానికల్‌లో ఒక్కో మీటకు ఒక్కో స్విచ్, అందులో ఒక స్ప్రింగు. చెర్రీ ఎర్ర స్విచ్‌నే తీసుకుంటే మీట మొత్తం దిగేది 4 మిల్లీమీటర్లు. అయితే 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది. నొక్కడానికి 45 గ్రాముల బరువంత బలం చాలు. అడుగుదాకా నొక్కే పని లేదు కాబట్టి వేలు వెంటనే పైకి వచ్చి మళ్లీ నొక్కవచ్చు. ఆటగాళ్లు దీనివైపు మొగ్గడానికి కారణమిదే. పైగా ఒక మీట పాడైతే ఆ ఒక్కదాన్నే బాగుచేసుకోవచ్చు.

చెర్రీ ఎంఎక్స్ స్విచ్ 1980ల్లో వచ్చింది. దాని పేటెంటు గడువు తీరిపోయాక గేటరాన్, కైల్ లాంటి చైనా సంస్థలు అదే పద్ధతిలో స్విచ్‌లు తీయడం పెంచాయి. ధర దిగింది. ఒకప్పుడు పెద్ద సరకు అనుకున్నది ఇప్పుడు 3 వేల రూపాయల లోపు కూడా దొరుకుతోంది. పేరున్న కంపెనీలవి 15 వేలు దాటేవీ ఉన్నాయి. త్రీ షేరింగ్ పీజీలో ఉంటూ కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అందుకే ఆచితూచి కొనాలి.

చిన్నదెందుకు... ఎంత చిన్నది?

నిండు కీబోర్డుకు 104 మీటలు. కుడిపక్క అంకెల గడులు కోసేస్తే 87. మిగిలిన వాటిని దగ్గరికి నెట్టి సందులు తీసేస్తే 84. దీన్నే 75 శాతం అంటారు. పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు ఉండే వరుస కూడా తీసేసి బాణం గుర్తులు మాత్రం ఉంచితే 68 మీటల దాకా మిగులుతాయి. అది 65 శాతం. ఆ బాణాలూ వద్దనుకుంటే 61 మీటలు. అది 60 శాతం. మీటల లెక్క కంపెనీని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు.

ఆటలో దీనికేం పని అంటే, లెక్క సులువే. పీజీ గదిలో బల్ల రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 104 మీటల కీబోర్డు దాదాపు 45 సెంటీమీటర్లు తినేస్తుంది. మౌస్‌కు మిగిలేది జానెడు కూడా కాదు. 60 శాతం కీబోర్డు దాదాపు 30 సెంటీమీటర్లే. అంటే మౌస్‌కు చోటు రెట్టింపవుతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి తుపాకీ ఆటల్లో గురి కుదరాలని చాలామంది మౌస్ వేగం బాగా తగ్గించి పెట్టుకుంటారు. గుండ్రంగా వెనక్కి తిరగాలంటే చెయ్యి మొత్తం బల్ల మీద ఈడ్చాలి. అప్పుడు మౌస్ వెళ్లి కీబోర్డు అంచుకు కొట్టుకుంటే ఆట పోయినట్టే. చిన్న కీబోర్డుతో నిజంగా వచ్చే లాభం ఇదే. శనివారం సాయంత్రం హిందూపురం బస్సో, కుప్పం రైలో ఎక్కేవారికి సంచిలో పట్టడం అదనపు లాభం.

తీగ తీస్తే వేగం తగ్గుతుందా?

కొనేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. పెట్టె మీద ‘1 మిల్లీ సెకను’ అని పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. దాని అర్థం ‘నొక్కగానే ఒక మిల్లీ సెకనులో తెరపై పడుతుంది’ అని కాదు. కీబోర్డు కంప్యూటర్‌కు సెకనుకు వెయ్యిసార్లు సమాచారం ఇస్తుందని మాత్రమే. సెకనుకు 125 సార్లు ఇచ్చే మామూలు కీబోర్డులో రెండు కబుర్ల మధ్య 8 మిల్లీ సెకన్లు పడుతుంది. దీనికి తోడు మీటలోని లోహపు రేకులు తగిలినప్పుడు కొంచెం అదురుతాయి. ఒక నొక్కును రెండుగా లెక్కించకుండా కీబోర్డు కొద్దిసేపు ఆగుతుంది. చాలావాటిలో ఇది 5 మిల్లీ సెకన్ల వరకు ఉంటుంది. పెట్టె మీద మాత్రం ఈ మాట కనిపించదు.

ఇక తీగ లేకుండా కలిపే దారులు రెండు. ఒకటి, కీబోర్డుతో పాటు వచ్చే గోరంత డాంగిల్. దాన్ని ల్యాప్‌టాప్‌కు గుచ్చితే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలపై కీబోర్డుతో నేరుగా మాట్లాడుతుంది. మంచి కంపెనీల డాంగిల్ సెకనుకు వెయ్యిసార్లు కబురు అందిస్తుంది. అంటే తీగతో సమానం. లాజిటెక్ దీనికి లైట్‌స్పీడ్ అని, రేజర్ హైపర్‌స్పీడ్ అని పేర్లు పెట్టుకున్నాయి. రెండోది బ్లూటూత్. తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్‌లో రెండు కబుర్ల మధ్య కనీసం 7.5 మిల్లీ సెకన్ల విరామం ఉంటుంది. చాలాసార్లు అంతకంటే ఎక్కువే. చుట్టూ తరంగాల రద్దీ ఉంటే ఒక్కోసారి కబురు రెండోసారి పంపాల్సి వస్తుంది.

ఇదంతా ఆటలో ఎంత? మనిషి కన్ను చూసి, వేలు కదపడానికే 200 మిల్లీ సెకన్లకు పైగా పడుతుంది. 60 హెర్ట్జ్ తెర ఒక బొమ్మ మార్చడానికి 16.7 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. 144 హెర్ట్జ్ తెరకు 6.9 చాలు. ఇవి కాక ముంబైలోని సర్వర్‌కు వెళ్లి రావడానికి నెట్‌వర్క్ తీసుకునే సమయం వేరే. అది ఆటలోనే తెర మూలన కనిపిస్తుంటుంది. ఇరవై మంది ఒకే వైఫై వాడే పీజీలో రాత్రి పది దాటితే ఆ అంకె ఎగిరెగిరి పడుతుంటుంది. కాబట్టి 60 హెర్ట్జ్ తెర, పీజీ వైఫై ఉన్న కుర్రాడు ‘సెకనుకు 8 వేల కబుర్లు’ అన్న కీబోర్డు కోసం రెట్టింపు డబ్బు పోయడం దండగే. అతను ఓడిపోయేది కీబోర్డు వల్ల కాదు.

మొత్తమ్మీద తేలేదేమిటంటే, డాంగిల్‌తో ఆడితే తీగ లేదన్న బెంగ అక్కర్లేదు. బ్లూటూత్‌తో చదరంగం ఆడుకోవచ్చు, నింపాదిగా సాగే ఆటలు ఆడుకోవచ్చు. తుపాకీ ఆటలకు మాత్రం అది పనికిరాదు.

‘వైర్‌లెస్’ మాటలో మెలిక

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. పెట్టె మీద ‘వైర్‌లెస్’ అని ఉంటే చాలు, డాంగిల్ ఉందనుకుంటారు. కొన్నింట్లో బ్లూటూత్ మాత్రమే ఉంటుంది. కీక్రాన్ కంపెనీ కె6నే చూద్దాం. తొలుత వచ్చిన కె6లో బ్లూటూత్, తీగ... ఈ రెండే. తర్వాత తెచ్చిన కె6 మ్యాక్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ కూడా ఇచ్చారు. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పేరులో ఒక్క మాట తేడా. ఆటకు కావలసింది రెండోది.

బ్లూటూత్ వల్ల ఉపయోగం లేదని కాదు. చాలా కీబోర్డులు ఒకేసారి మూడు పరికరాలను గుర్తుంచుకుంటాయి. పగలు ఆఫీసు ల్యాప్‌టాప్, మధ్యలో ఫోన్, రాత్రి సొంత ల్యాప్‌టాప్... రెండు మీటలు కలిపి నొక్కితే ఒకదాని నుంచి మరొకదానికి మారిపోవచ్చు. తీగ, బ్లూటూత్, డాంగిల్ మూడూ ఉన్నవి కొనుక్కుంటే పగటికీ రాత్రికీ సరిపోతాయి.

గాలిలోనూ ట్రాఫిక్ జామే

సిల్క్ బోర్డు కూడలిలో వాహనాలు ఎలా ఉంటాయో, పీజీ భవనంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పరిస్థితీ అలాగే ఉంటుంది. లైసెన్సు అక్కర్లేకుండా ఎవరైనా వాడుకునేందుకు మన దేశంలో 2005లో ఈ దారి తెరిచారు. వైఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్, తీగ లేని మౌస్ అన్నీ ఇందులోనే నడుస్తాయి. వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్ తరంగాలదీ ఇదే దారి. ఒక అంతస్తులో పది గదులుంటే ఎన్ని పరికరాలో లెక్కేసుకోవచ్చు.

ఇంకో చిక్కు ల్యాప్‌టాప్‌లోనే ఉంది. యూఎస్‌బీ 3.0 రంధ్రాల నుంచి వెలువడే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌ను ఇబ్బంది పెడుతుందని ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రంలో వివరించింది. డాంగిల్ పక్కనే హార్డ్ డిస్క్ గుచ్చితే మీటలు నొక్కినా పడకపోవడం, ఒకే అక్షరం వరుసగా పడిపోవడం లాంటివి జరుగుతాయి. ‘కీబోర్డు పాడైంది’ అని దుకాణానికి పరుగెత్తే ముందు ఒక చిన్న చిట్కా చూడాలి. మూరెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తీసుకుని డాంగిల్‌ను దానికి తగిలించి, కీబోర్డు దగ్గరగా పెట్టాలి. ల్యాప్‌టాప్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోవాలి. చాలావరకు బాధ తీరిపోతుంది. కొన్ని కంపెనీలు ఈ ఎక్స్‌టెన్షన్ తీగను పెట్టెలోనే ఇస్తున్నాయి.

బ్యాటరీ సంగతీ చూడాలి. మీటల కింద దీపాలు ఆర్పేస్తే వారాల తరబడి వచ్చే బ్యాటరీ, వెలిగిస్తే కొద్ది రోజులకే నీరసిస్తుంది. ఛార్జింగ్ ఆదా కోసం కొన్ని నిమిషాలు మీట కదపకపోతే కీబోర్డు నిద్రపోతుంది. ఆటలో ఓ మూల నక్కి, శత్రువు కోసం కాచుకుని కూర్చున్నప్పుడు ఇదే కొంప ముంచుతుంది. తొలి నొక్కు నిద్ర లేపడానికే సరిపోతుంది. ఈ సమయాన్ని పెంచుకునే వీలుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

‘ఒ’ మీట మాయం!

ఇప్పుడు అసలు కథ. మామూలు కీబోర్డులో ఎస్కేప్ కింద, 1 అంకెకు ఎడమపక్కన ఒక మీట ఉంటుంది. ఇంగ్లిష్‌లో కొట్టేవారు దాని జోలికి పెద్దగా వెళ్లరు. 60 శాతం కీబోర్డులో పై వరుస తీసేయడంతో ఎస్కేప్ కిందికి దిగి ఆ మీట చోట్లో కూర్చుంటుంది. చాలా 65 శాతం కీబోర్డుల్లోనూ ఇంతే. పాత మీట కావాలంటే ఎఫ్ఎన్ మీట పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ మీటే ‘ఒ’! ఉత్తగా నొక్కితే ఒత్వం. షిఫ్ట్‌తో నొక్కితే ‘ఒ’ అక్షరం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 పేరుతో ఖరారు చేసిన అమరిక ఇది. విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే వచ్చేదీ ఇదే. అంటే కొత్త, కొడుకు, పొలం, గొడవ, తొమ్మిది, రొట్టె, మొదలు... ఇలా ఏ మాట కొట్టాలన్నా ఎఫ్ఎన్ పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి. ‘ఒక’ కొట్టాలంటే చాలా బోర్డుల్లో మూడు మీటలు కలిపి నొక్కాలి. రోజుకు పేజీలకు పేజీలు తెలుగు కొట్టేవారికి వేళ్లు మెలిపడిపోవూ! ఇన్‌స్క్రిప్ట్‌లో కన్నడం కొట్టేవారికీ ఇదే తంటా. వాళ్లకు ‘ఒందు’ దగ్గరే బండి ఆగుతుంది.

తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి మార్చుకునేవారికి ఈ బాధ లేదు. అనువాదం, డీటీపీ, తెలుగు డేటా పనులు చేసేవారిలో ఇన్‌స్క్రిప్ట్ అలవాటైనవారు మాత్రం జాగ్రత్తపడాలి. విచిత్రమేమిటంటే ఆటగాళ్లకు ప్రాణప్రదమైన డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటలే ఇన్‌స్క్రిప్ట్‌లో ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. అచ్చులు, గుణింతాలన్నీ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వచ్చేలా ఆ అమరిక చేశారు. రాత్రి ఆటలో బొమ్మను పరుగెత్తించే వేళ్లే పగలు గుణింతాలు దిద్దుతాయన్నమాట.

ఆటలోనూ ఆ మీటకు పని ఉంది. కౌంటర్ స్ట్రైక్‌లో ఆదేశాలు కొట్టే కన్సోల్ తెరుచుకునేది దానితోనే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవారు డిలీట్ మీట, బాణం గుర్తులు లేకుండా అవస్థ పడతారు. లెక్కల పనిలో ఉన్నవారి సంగతి సరేసరి. 1986లో బెంగళూరులోనే మొదలైన ట్యాలీలో ఎఫ్5 నొక్కితే పేమెంట్, ఎఫ్6 రసీదు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. ఆ వరుసే లేని కీబోర్డుతో, అంకెల గడులు కూడా లేకుండా రోజంతా వోచర్లు కొట్టడం నరకమే. ఎక్సెల్‌లో గడి సవరించే ఎఫ్2దీ అదే పాట.

దీనికి విరుగుడు లేకపోలేదు. 84 మీటల 75 శాతం కీబోర్డులో ఎఫ్ వరుస ఉంటుంది కాబట్టి ఎస్కేప్ పైనే ఉంటుంది. ‘ఒ’ మీట తన చోట తాను ఉంటుంది. 60 శాతంతో పోలిస్తే పొడవు ఓ రెండు అంగుళాల లోపే ఎక్కువ. మీటల పని మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఇచ్చే కీబోర్డు అయితే, చిన్నదైనా ఎస్కేప్‌ను మరోచోటికి పంపి ‘ఒ’ను వెనక్కి తెచ్చుకోవచ్చు. కొనేముందు ఆ వీలుందో లేదో కనుక్కోవాలి.

పక్క మంచం వాడి నిద్ర

ఎస్పీ రోడ్డు రద్దీలో ఏ కీబోర్డు అయినా మెత్తగానే వినిపిస్తుంది. బయట ఆటోల హారన్లు, లోపల హిందీ, కన్నడ, తెలుగు కలగలిసిన బేరాలు. ఆ రొదలో ‘భలే ఉందే’ అనిపించిన నీలి స్విచ్ రాత్రి రెండు గంటలకు పీజీ గదిలో మేకులు కొట్టినట్టు మోగుతుంది. పక్క మంచం మీద తెల్లవారుజాము షిఫ్టుకు వెళ్లాల్సినవాడు ఉంటే ‘ఒరేయ్, ఇంక ఆపరా బాబూ’ అనక మానడు. అలా మొదలైన గొడవలు గది మారేదాకా వెళ్లడం పీజీల్లో కొత్తేమీ కాదు.

స్విచ్‌లు ముఖ్యంగా మూడు రకాలు. నీలిది నొక్కినప్పుడు ‘క్లిక్’మంటుంది, కాస్త గట్టిగా కూడా ఉంటుంది. గోధుమరంగుది క్లిక్‌మనదు గానీ మధ్యలో వేలికి చిన్న అడ్డు తగులుతుంది. ఎర్రది నున్నగా దిగిపోతుంది. ఆటగాళ్లు ఎక్కువగా కోరేది ఎర్రది. టైపింగ్ ఎక్కువ చేసేవారికి గోధుమరంగు నచ్చుతుంది. ‘సైలెంట్’ రకాల్లో లోపల మెత్తటి రబ్బరు ముక్కలు పెట్టి చప్పుడు తగ్గిస్తారు. షేరింగ్ గదిలో ఉండేవారికి అదే మేలు. రంగుల పేర్లు కంపెనీని బట్టి మారుతుంటాయి కాబట్టి వేలితో నొక్కి చూడటమే దారి.

హంగులు చూసి పొంగిపోవద్దు

పెట్టె మీద రాసే మాటల్లో కొన్ని అవసరమైనవి, కొన్ని ఆర్భాటం. ‘ఎన్ కీ రోల్ ఓవర్’ అవసరమైనదే. ఎన్ని మీటలు కలిపి నొక్కినా అన్నీ పడతాయని దాని అర్థం. పరుగెత్తుతూ, ఎగురుతూ, తుపాకీ మార్చే ఆటల్లో అది లేకపోతే ఒక్కోసారి ఒక మీట పడదు. కొన్ని కీబోర్డుల్లో తీగ ఉన్నప్పుడు ఈ వసతి పూర్తిగా ఉండి, బ్లూటూత్‌లో తగ్గిపోతుంది.

మరోవైపు 2024లో రేజర్ సంస్థ ‘స్నాప్ ట్యాప్’ అని ఒక హంగు తెచ్చింది. ఎడమ, కుడి మీటలు రెండూ ఒకేసారి నొక్కి ఉంటే చివర నొక్కిన దాన్నే కీబోర్డు లెక్కలోకి తీసుకుంటుంది. ఆటగాడు చేత్తో నేర్చుకోవాల్సిన ఒడుపును కీబోర్డే చేసిపెట్టడమన్నమాట. ఇది తగదంటూ అదే ఏడాది ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ యజమాని వాల్వ్ తన అధికారిక సర్వర్లలో నిషేధించింది. ఇది పట్టుబడితే ఆట నుంచి బయటికి పంపేస్తారు. డబ్బు పెట్టి కొన్న హంగు ఆటకే ఎసరు తెస్తుంది. అయస్కాంతంతో పనిచేసే ‘హాల్ ఎఫెక్ట్’ కీబోర్డుల్లో మీట ఎంత దిగితే అక్షరం పడాలో మనమే నిర్ణయించుకోవచ్చు. పోటీలకు వెళ్లేవారికి అది ఉపయోగమే. సరదాకు ఆడేవారికి తప్పనిసరేమీ కాదు.

బిల్లు లేకుంటే అంతే సంగతులు

తీగ లేని కీబోర్డులకు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2012లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులోని తొలి జాబితాలోనే ఇవి ఉన్నాయి. కీబోర్డు అడుగునో, పెట్టె మీదో ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో తెలిసిపోతుంది. పెట్టె మీద దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర కూడా ఉండాలి. ఇవేవీ లేని సరకు కొన్ని వందలు తక్కువకు వస్తుంది. ఆరు నెలలకు బ్యాటరీ ఉబ్బితే మాత్రం అడిగే నాథుడు ఉండడు.

స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే ‘హాట్ స్వాప్’ రకమైతే భవిష్యత్తులో ఖర్చు తగ్గుతుంది. ఒక మీట మొరాయిస్తే టంకం పెట్టించే పని లేదు. చిన్న పట్టకారుతో పాత స్విచ్ లాగి కొత్తది నొక్కేయడమే. దుమ్ము చేరి రెండు మూడు స్విచ్‌లు మొరాయించినా వాటిని మారిస్తే చాలు. గది ఇరుకై సైలెంట్ స్విచ్‌లు కావాలనుకున్నా ఇదే దారి.

ఎవరికి ఏది?

ఆటే లోకం, తెలుగు టైపింగ్ అక్కర్లేదు, బల్ల మరీ చిన్నది అనుకునేవారికి డాంగిల్ ఉన్న 60 శాతం సరిపోతుంది. పగలు పని, రాత్రి ఆట... రెండింటికీ ఒకటే కీబోర్డు అనుకునేవారికి 75 శాతమే సరైనది. ట్యాలీ, ఎక్సెల్‌తో రోజంతా గడిపేవారు కనీసం ఎఫ్ వరుస ఉన్నది చూసుకుని, అంకెల గడులు విడిగా కొనుక్కోవడం మేలు. వేగం విషయంలో మంచి డాంగిల్ ఉన్న కీబోర్డుల మధ్య తేడా కంటికి కనిపించేంత ఉండదు. తేడా అంతా కంపెనీ ఏ మీట తీసేసిందన్న దాంట్లోనే ఉంది.

దుకాణంలో అయిదు పరీక్షలు

• వీలైతే సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లాలి. డాంగిల్ గుచ్చి, తీగ పీకేసి చూడాలి. తీగతో చూపించి పంపేస్తే ఒప్పుకోవద్దు.

• డబ్ల్యూ, ఏ, షిఫ్ట్, స్పేస్, ఆర్ కలిపి నొక్కి ఏదైనా కీబోర్డు టెస్టర్ తెరపై అన్నీ పడుతున్నాయో లేదో చూడాలి.

• స్పేస్ బార్‌ను మధ్యలో, రెండు చివర్లా నొక్కాలి. గలగలలాడితే ఇంకోటి చూపించమనాలి.

• బీఐఎస్ నంబరు, దిగుమతిదారు పేరు చూసుకుని వారంటీ ఎన్నాళ్లో బిల్లు మీద రాయించుకోవాలి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

• చివరగా ల్యాప్‌టాప్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టి ‘ఒకటి’, ‘కొత్త’ అని కొట్టి చూడాలి. ఎఫ్ఎన్ పట్టుకోకుండా రెండూ పడితే డబ్బు కట్టొచ్చు. లేదంటే పక్క పెట్టె తెరిపించడమే.